చిటికెన వేలి నెత్తురు

మా చెల్లెలు అన్నం తిని, ఎర్ర మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్ళు తాగి, వాళ్ళత్త ముందు నిలబడి నోరు తెరిచింది. నాలుక చాపింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, చివరకు పైకెత్తి కింద కూడా ఏమీ దాచలేదని చూపించింది. ఆవిడ వంగి, తేరిపార చూసి, "ఊఁ, పో" అంది. అప్పుడు గానీ మా చెల్లెలు నోరు మూసుకోలేదు.

నేను కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని ఉండిపోయాను. కడుపుతో ఉన్న మనిషి, ఇంకొన్నాళ్ళకు తల్లి కాబోయే మనిషి. బళ్ళో నులిపురుగుల మాత్ర మింగించినప్పుడు టీచరు పిల్లల నోళ్ళు ఇలాగే చూస్తుంది.

"ఏంది అత్తా ఇది?" అన్నాను. చెల్లెలి అత్త నాకూ అత్తే, పిలుపు వరకు.

"ఏందంటే? మింగినాదా లేదా అని సూస్తా ఉండా. నువ్వు తిరపతిలో కూసోనుంటావు. ఈడ నర్సమ్మ చేత మాటలు పడేది నేను గదా" అంది ఆవిడ, చెంగు ముడిలోంచి నాలుగు బియ్యపు గింజలు తీసి నోట్లో వేసుకుంటూ. ఆవిడ దవడ ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. ఆకువక్క నమిలేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, పొద్దస్తమానం పచ్చి బియ్యం నమిలే మనిషిని ఈవిడనే చూశాను.

మా చెల్లెల్ని నగరిలో మరమగ్గాల ఇంటికి ఇచ్చాం. ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో సంసారం. పొద్దున మొదలైన టకటక కరెంటు పోతే తప్ప ఆగదు కాబట్టి ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. ప్రేమగా చెప్పినా తిట్టినట్టే వినిపిస్తుంది, తిట్టినా అంతే. అక్కడికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ తిరుగు బస్సు పుత్తూరు దాటేదాకా నా చెవులు మోగుతూనే ఉంటాయి. ఆ రోజు మాత్రం చెవులు కాదు, ఒళ్ళంతా మండింది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, హిమోగ్లోబిన్ దగ్గర. నెల తప్పిన కొత్తలో నేనే దాన్ని తిరుపతి తీసుకొచ్చి పరీక్ష చేయించాను. మోచేతి దగ్గర నరంలోంచి రక్తం తీశారు. తొమ్మిదిన్నర ఉందన్నారు. తక్కువే, ఐరన్ మాత్రలు మింగాలి అన్నారు. ఆ తర్వాత నగరిలో వాళ్ళ వీధికి నెలనెలా వచ్చే నర్సమ్మ అంగన్‌వాడీ వరండాలో వేలు పొడిచి, అరచేతిలో పట్టే చిన్న మిషన్‌లో చూస్తూ వచ్చింది. మొదటి నెల ఎనిమిదిన్నర. మాత్రలు రోజుకు రెండు చేశారు. తర్వాతి నెల ఎనిమిది పాయింట్ రెండు. మాత్రలు మింగే కొద్దీ రక్తం తగ్గుతుందా ఎక్కడైనా? నర్సమ్మ ముఖం మాడ్చుకుని "ఏమ్మా, కాలవలో పారేస్తా ఉండావా?" అని అందరి ముందూ అడిగేసిందట.

ఆమె అనుమానం గాలిలోంచి పుట్టలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఆ మాత్ర మింగితే కడుపులో దేవుతుంది, నోరంతా ఇనుప వాసన, దొడ్డికి నల్లగా అవుతుంది. మా వైపు సగం మంది ఆడవాళ్ళు వాటిని తీసుకుంటారు గానీ మింగరు. ఆ వీధి వెనక మురుక్కాలవలో ఎర్ర మాత్రలు తేలడం నేనే చూశాను. కానీ అందరూ పారేశారని మా చెల్లెలు కూడా పారేసినట్టేనా?

నా ఉద్యోగం ఏమిటో చెబితే నా బాధ అర్థమవుతుంది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అబద్ధాలు వినడమే నా పని. ఇద్దరమే అంటారు, గదిలోంచి ఆరుగురు గుండ్లతో బయటికొస్తారు. గంటలో ఖాళీ చేస్తామంటారు, మధ్యాహ్నానికి తలుపు తడితే గురక వినిపిస్తుంది. అబద్ధం చెప్పే మనిషికి ముందుగా కదిలేది కళ్ళు కాదు, మెడ. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. మా చెల్లెలు "నీ మీద ఒట్టు అక్కా, ఒక్కటి కూడా మానలేదు" అన్నప్పుడు దాని మెడ కదల్లేదు.

మరి నంబరు ఎందుకు దిగుతోంది? అదే నాకు కునుకు లేకుండా చేసిన ప్రశ్న. కౌంటర్లో కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు. తాళం చెవులు ఒకరివి ఒకరికి ఇచ్చాను. సత్యవేడు పక్క పల్లె నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "పాప మాత్రలు మింగతా ఉండాదా లేదా, నాకన్నా నిజం చెప్పు" అని గుసగుసగా అడిగింది. కన్నతల్లి కూడా! ఫోన్ పెట్టేసి లాడ్జి మెట్లు ఊరికే ఎక్కి దిగాను. కాలు కాలిన పిల్లిలా ఏందమ్మా ఆ తిరుగుడు అని మా వాచ్‌మన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదికి ఇంకొంచెం కిందికి దిగితే కాన్పు నగరిలో చేయరు, తిరుపతి పెద్దాసుపత్రికి పంపుతారు, రక్తం ఎక్కించాలంటారు. అదంతా ఒక ఎత్తు. మింగిన మాత్రకు మింగలేదని అనిపించుకుంటూ ఆ ఇంట్లో అది ఎట్లా బతుకుతుంది అన్నది ఇంకో ఎత్తు. బిడ్డకు ఏమన్నా అయితే జీవితాంతం దాని నెత్తినే పెడతారు.

మళ్ళీ నర్సమ్మ వచ్చే రోజు కనుక్కుని, సెలవు పెట్టి, పొద్దున్నే నగరి బస్సెక్కాను.

అంగన్‌వాడీ వరండాలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. అందరూ మగ్గాల ఇళ్ళవాళ్ళే. మా చెల్లెలి అత్త స్తంభానికి ఆనుకుని నిలబడి ఆయాసపడుతోంది. నాలుగిళ్ళ అవతల నుంచి నడిచొచ్చినందుకే ఆవిడకు ఆయాసం. నర్సమ్మ పాపం చెడ్డదేమీ కాదు. ఒక్క మనిషి, ఎన్నో వీధులు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు వచ్చి చెయ్యి చాపుతున్నారు. అప్పుడు గమనించాను. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వచ్చిన ప్రతి మనిషీ మిగతా వేళ్ళు మడిచేసి, చిటికెన వేలు ఒక్కటే ముందుకు పెడుతోంది.

మా చెల్లెలు కూడా అంతే. నర్సమ్మ ఆ వేలు దూదితో తుడిచి పొడిచింది. రక్తం రాలేదు. నొక్కింది. రాలేదు. చింతపండు పిండినట్టు అరచేతి నుంచి కొస దాకా పిండి పిండి, తడి తడిగా, పలచగా ఒక చుక్క తెప్పించింది. దాన్ని మిషన్‌కు పెట్టింది. ఎనిమిది.

"సూసినావా! మళ్ళీ దిగినాది" అంది అత్త.

"ఇంకేం చెప్పేది నేను? మింగే మాత్ర మింగకపోతే దేవుడు కూడా ఏం చేయలేడు" అంది నర్సమ్మ.

మా చెల్లెలు తల వంచుకుని ఆ పిండిన వేలినే చూసుకుంటోంది. వేళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి. నాకు ఆగలేదు.

"అది చిటికెన వేలే ఎందుకిచ్చినాది? మిగతా వేళ్ళకేమొచ్చినాది?" అని గట్టిగానే అడిగాను. వరండాలో ఆడవాళ్ళు నవ్వారు. తిరుపతి మనిషికి ఏం తెలుసు అన్నట్టు ఒకామె తన చెయ్యి నా ముఖం ముందు పెట్టి చూపించింది. మగ్గం మీద పోగు తెగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు కలిపి ముడి వేస్తారు. ఉంగరం వేలితో పక్క పోగులు నొక్కి పట్టుకుంటారు. వేలి కొన మీద చిన్న గాటు ఉన్నా పోగు తగులుకుంటుంది. అంతకంటే పెద్ద భయం మరక. ఆ వీధిలో నేసేదంతా తెల్ల గుడ్డ. ఒక్క నెత్తురు చుక్క అంటిందంటే ఆ గుడ్డ తాను మొత్తం పక్కన పడేస్తారు. పనికి రాని వేలు చిటికెన వేలు ఒక్కటే. అందుకని ఎవరూ చెప్పకుండానే ఆ వీధి ఆడవాళ్ళందరూ అదే ఇస్తారు.

నేను నర్సమ్మ వైపు తిరిగాను. "మీకు తెలీదా మేడమ్?"

ఆమె దాచలేదు. "తెలుసమ్మా. మధ్య వేలో ఉంగరం వేలో తీసుకోవాలనే మాకు చెప్పినారు. పిండకూడదనీ చెప్పినారు. పిండితే రక్తంతో పాటు కండలో ఉండే నీరు కూడా వస్తాది, తక్కువ చూపిస్తాది. కానీ ఈళ్ళు ఇయ్యందే నేను యాడ పొడిచేది? ఇయ్యమ్మా అంటే చెయ్యి ఎనక్కి లాగేస్తారు. రాసుకోకుండా పోతే పైన ఒప్పుకోరు."

అంటే మొదట నరంలోంచి తీసిన నంబరును, ఆ తర్వాత పిండిన వేలి నంబరుతో పోల్చి, నా చెల్లెల్ని దొంగను చేశారన్నమాట. ఒక తక్కెడలో తూచిన బియ్యం ఇంకో తక్కెడలో తక్కువొస్తే మోసినవాణ్ణి పట్టుకుని కొట్టినట్టుంది.

"ఇప్పుడు ఉంగరం వేలు పొడవండి" అన్నాను. చెల్లెలు జంకింది. "మగ్గం మీద తాను ఉండాదక్కా" అంది. ఉండనీ అని దాని చెయ్యి లాక్కుని నా రెండు చేతుల మధ్య పెట్టి వెచ్చబడేదాకా రుద్దాను. నర్సమ్మ ఈసారి దూది తడి ఆరనిచ్చి పొడిచింది. పిండకుండానే రక్తం ఉబికి వచ్చింది. మొదటి చుక్క తుడిచేసి, రెండోది పెట్టింది. తొమ్మిది పాయింట్ ఆరు.

వరండా అంతా కలకలం. నేను గెలిచాననుకున్నాను. కానీ అత్త ఒప్పుకుంటే గదా.

"వేలు మారిస్తే రక్తం పెరుగుతాదా? ఇంకో వేలు పొడిస్తే పన్నెండు వస్తాదేమో. ఇది పరీచ్చా, లాటరీనా?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న తప్పు కాదు. పక్కపక్కన ఉన్న రెండు వేళ్ళు రెండు మాటలు చెబితే, నాకు నచ్చిన వేలినే నమ్మమని ఎవర్నైనా ఎట్లా అడగను? నర్సమ్మే కలగజేసుకుని, "గొడవ పడొద్దు. వేలి పరీక్ష ఊరికే ఎవరికి తక్కువుండాదో ఏరేదానికి. తేడాగా కనిపిస్తే నరంలోంచి తీసి చూడాల్సిందే. తిరపతికి పోండి" అంది.

"నేనూ వస్తా. అక్కచెల్లెళ్ళు ఇద్దరే పోయి ఏ నంబరు తెస్తారో నాకేం తెలుసు" అంది అత్త.

ఆ మరుసటి రోజే ముగ్గురం బస్సెక్కాం. చెల్లెలి మొగుడు బస్టాండు దాకా వచ్చి, "వదినా, ఏదొచ్చినా ఫోన్ చెయ్యి" అని నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. తల్లిని కాదనలేడు, పెళ్ళాన్ని అననూ లేడు. బస్సు మెట్టు ఎక్కడానికి అత్త కమ్మీ పట్టుకుని కాసేపు ఆగింది. ఎక్కి కూర్చున్నాక చెంగు ముడి విప్పి బియ్యం నమలడం మొదలుపెట్టింది. ఆ కరకర శబ్దం నా నరాల మీద నడుస్తున్నట్టు ఉంది. ఇక ఉండలేక, "ఎందుకత్తా దీన్ని అంత సాధిస్తావు?" అన్నాను.

ఆవిడ నమలడం ఆపి కిటికీ వైపు తిరిగింది. తర్వాత మామూలు గొంతుతో, మగ్గాల చప్పుడు లేదు కాబట్టి అరవకుండా చెప్పింది. "మా చెల్లెలు కాన్పులోనే పోయినాది పాపా. నెత్తురు ఆగలా. చాపంతా తడిసిపోయినాది. బిడ్డ ఏడస్తా ఉండాడు, అది పలకదు. మాత్ర మింగినాదా అని నోరు తెరిపించి చూసే నాథుడు అప్పుడు దానికి లేకపోయినాడు."

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పోలేదు, అట్లాగని ఆవిడ మీద పడనూ లేదు.

ల్యాబులో చెల్లెలికి నరంలోంచి రక్తం తీశారు. సూది తీశాక అత్త ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడబోయింది. "ఇంత నల్లగా ఉండాది, మంచిదేనా?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈమెకు కూడా తీసి పెట్టండి. ఎవరి రక్తం ఎట్లుండాదో ఒకేసారి తెలిసిపోతాది" అన్నాను టెక్నీషియన్‌తో. ఆవిడ నోరు మూయించాలని అన్న మాటే అది, వేరే ఉద్దేశం ఏమీ లేదు. "నాకెందుకు? నేనేమన్నా కడుపుతో ఉండానా?" అని ఆవిడ గొణిగింది గానీ చెయ్యి మాత్రం ఇచ్చింది. భయపడిందని అనుకుంటానని ఇచ్చింది.

ఫలితం వచ్చేదాకా బయట బెంచీ. నేను కూర్చోలేదు. గుమ్మం దాకా పోవడం, రావడం, ఎదురుగా ఆటోవాళ్ళు యాత్రికుల్ని పిలుస్తుంటే వాళ్ళను తిట్టుకోవడం. ఫలానా నంబరు రావాలని మొక్కుకుందామంటే ఎంత అని మొక్కుకోవాలో కూడా తెలియదు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, అత్తకు వినపడకుండా చెవిలో చెప్పింది.

"తక్కువొస్తే ఏంజేస్తావు అక్కా? నాకే అనుమానం వస్తా ఉండాది. నిద్రలో ఏమన్నా ఊసేస్తా ఉండానేమో. మింగినట్టు నాకు గుర్తుండేది నిజమేనా?"

ఒక చిన్న మిషన్, పిండిన ఒక చుక్క, మనిషికి తన నాలుక మీద తనకే నమ్మకం లేకుండా చేశాయి. దాని తల నా భుజానికి ఆనించుకుని, "నువ్వు మింగినావు. నాకు తెలుసు" అన్నాను. ఏడుపు వస్తోందని దానికి తెలియకుండా ఆటోవాళ్ళను మళ్ళీ తిట్టాను.

డాక్టరమ్మ ముందు ముగ్గురం కూర్చున్నాం. ఆమె మొదట మా చెల్లెలి కాగితం చూసింది.

"పది పాయింట్ రెండు. కడుపుతో ఉన్నవాళ్ళకు పదకొండు ఉంటే బాగుంటుంది. అయినా ఇప్పుడు భయం లేదు. నెలలు నిండే కొద్దీ రక్తం పలచబడుతుంది కదా, మాత్రలు మింగకపోతే తొమ్మిదిన్నర నుంచి ఇంకా దిగేది గానీ ఎక్కేది కాదు. మింగుతున్నావమ్మా నువ్వు. మానకు."

మా చెల్లెలు నవ్వుతుందనుకున్నాను. అది కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది, అంతే. నేను మాత్రం విజయగర్వంతో అత్త వైపు తిరిగాను. అనాల్సిన మాటలన్నీ నాలుక కొస మీద సిద్ధంగా ఉన్నాయి. అప్పుడే డాక్టరమ్మ రెండో కాగితం తీసింది. తీసి, కళ్ళజోడు సర్దుకుని, "ఇది ఎవరిది?" అంది.

అత్తది. ఆరు పాయింట్ నాలుగు.

"నడిస్తే ఆయాసం వస్తుందా? కళ్ళు తిరుగుతాయా?"

"వయసు గదమ్మా."

"ఏమన్నా తినాలని ఊరికే అనిపిస్తుందా? మట్టి, బలపాలు, బియ్యం?"

అత్త చెయ్యి తనంతట తానే చెంగు ముడి మీదికి పోయింది. ఒంట్లో ఇనుము అడుగంటితే అట్లా నమలబుద్ధి పుడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నెలనెలా ఎక్కువగా పోతుందా అని అడిగింది. "ఆడదానికి ఉండేదే గదా, ఎవురికి చెప్పేది" అంది అత్త. ఏళ్ళ తరబడి పోతోందట. నర్సమ్మ ప్రతి నెలా వాళ్ళ వాకిలి దాటి వెళ్ళినా, కడుపుతో లేని మనిషి వేలు ఎవరూ పొడవలేదు. చిటికెన వేలు కూడా.

సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేశాను. ఆ మనిషిని ఎగతాళి చేయడానికి తీయించిన రక్తం అది. బయటికి వచ్చాక అరుగు దిగేటప్పుడు ఆవిడ తూలింది. నా కంటే ముందు చెల్లెలే పట్టుకుంది.

అత్తకు రక్తం ఎక్కించారు. ఏమేమో పరీక్షలు చేశారు, మందులు రాశారు, ఇంకా తిరగాల్సి ఉందన్నారు. వాటితో పాటు అదే ఎర్ర మాత్ర. ఇప్పటికీ నాకు పూర్తిగా నెమ్మది లేదు. లాడ్జిలో గది కోసం ముందుకు చాపే ఆడవాళ్ళ చేతులు చూస్తే చాలు, వేళ్ళ కొనల వైపే నా చూపు పోతుంది. ఎవరి వేలు ఎవరు పిండారో, ఎవరి వేలు ఎవరూ అడగలేదో అనిపిస్తుంది.

అత్త ఇంటికి వచ్చిన వారానికి నగరి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మగ్గాలు ఆడుతున్నాయి. చెల్లెలు రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి, ఒక మాత్ర తను వేసుకుని, ఇంకోటి అత్త చేతిలో పెట్టింది. ఆవిడ ముఖం చిట్లించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ ఇనుప వాసనను ఎట్లాగో దిగమింగింది. తర్వాత ఎవరూ అడగకుండానే కోడలి ముందుకు తల చాచి, నోరు తెరిచింది. నాలుక చాపింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పైకెత్తింది.

మా చెల్లెలు చూడలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, మగ్గాల మోతలో వినపడాలని గట్టిగా అరిచింది.

"మూసుకో అత్తా. మింగినానని నువ్వు చెప్తే చాలు నాకు."

ఆవిడ నోరు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది.